బ్రాకెట్లో మాట

పగలంతా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
రేకుల పంచలో దస్తావేజులు రాస్తాను.
రాత్రి పదికి అదే పెన్నుతో
ఒక రష్యా నాటకాన్ని చిత్తూరికి దించుతాను.

నూరేండ్లు దాటిన నాటకం.
అట్ట పోయిన పుస్తకం, మూడో పేజీ లేదు.
వాళ్ళు ఎందుకు ఏడుస్తా మొదలుపెట్టినారో
నాకిప్పటికీ తెలీదు.

పేర్లు చూసి నాదముని దండం పెట్టేసినాడు.
"ఒక్కో మనిషికి మూడు పేర్లేంది సామీ,
పలికేలోగా తెర పడిపోతుంది."
నాకు మాత్రం ఆ పేర్లే సులువు.
నడిమి పేరు నాయన పేరంట.
మా పంచలో నాయన పేరు లేని మనిషే లేడు:
కీ.శే. కుప్పయ్య గారి కుమారుడు,
వయసు అరవై ఒకటి, జీవనం సేద్యం.
అట్లా ఆ దొర దొరస్వామి అయినాడు,
వాళ్ళక్క కన్నెమ్మ అయింది.

గుర్రబ్బండికి వేలూరు బస్సు.
సమోవారుకి బస్టాండు టీ బాయిలరు.
మంచుకే ఏమీ దొరకలే.
మూడో అంకం నిండా కురస్తానే ఉంటుంది.
దూది చించి చల్లితే పిలకాయలు నవ్వినారు.
ఒక సాయంత్రం పాకాల దోవలో
బెల్లం గానుగ కాడ నిలబడితే
పొయ్యిలో కాలిన చెరుకు పిప్పి నల్లగా పైకి లేచి
చొక్కా మీద, రెప్పల మీద
చప్పుడు లేకుండా వాలింది.
ఇంటికొచ్చి రాసుకున్నా:
మంచు, నలుపు.

ఇంతవరకూ బాగానే ఉండె.
కష్టమంతా బ్రాకెట్లో ఉన్న ఒక్క మాట దగ్గర.
తమ్ముడు సంతకం పెట్టి అక్క పక్కన కూర్చుంటాడు.
పుస్తకంలో ఉండేది ఇంతే:
(మౌనం)
తరవాత అర పేజీ తెలుపు.

నాదముని ముప్పై ఏండ్లుగా భారతంలో దుర్యోధనుడు.
మట్టి బొమ్మ చుట్టూ పరుగెత్తి, తొడ విరిగి పడినాక కూడా
నాలుగు పద్యాలు పాడందే ప్రాణం వదిలినోడు కాదు.
"ఊరికే కూచుంటే జనం ఏమనుకుంటారు?
మాట మరిచినానంటారు."
కన్నెమ్మ వేసే సెల్వరాణి, "ఒక పాటన్నా పెట్టు" అనింది.
హార్మోనియం ఎత్తిరాజులు ఏమీ అనలే.
ఆయన వేళ్ళకి ఖాళీ కనిపిస్తే పడదు,
దొరికిన ప్రతి సందునీ మోహనతో పూడ్చేసినాడు.

నేనూ పూడ్చినా, ఒప్పుకుంటాను.
ఆ అర పేజీలో ఇరవై రెండు లైన్లు,
పేగుబంధం, అమ్మ చేతి ముద్ద,
చదివితే చప్పట్లు ఖాయం.

ఆ వారమే ఒక హక్కు విడుదల పత్రం రాసినా.
యాదమరి నుంచి అక్కా తమ్ముడు.
ఆమె వేలిముద్ర వేసి
సిరా తుడుచుకోను గుడ్డ వెతుక్కుంటా ఉంటే
తమ్ముడు తన తువ్వాలు ఇచ్చినాడు.
ఆమె తుడుచుకోలే.
ఒళ్ళో పెట్టుకోని కూర్చునింది.
నా ఫీజు కూడా అడగలేకపోతి.
రాత్రికి ఆ ఇరవై రెండు లైన్లూ కొట్టేసినా.

ఆటనాడు మునిసిపల్ హాల్లో సగం కుర్చీలు.
పైనుంచి పిప్పి బూడిద వాలింది.
నాదముని సంతకం పెట్టి కూర్చున్నాడు.
ముందు వరసలో ఎవరో అవ్వ,
"మాట అందీండయ్యా ఎవురన్నా, పాపం" అనింది.
వెనక పిలకాయలు నవ్వబోయి ఆగినారు.
తెర పక్కన నా చేతిలో కాగితం ఉండాది,
అందించేదానికే ఏమీ లేదు.

అప్పుడు ఎత్తిరాజులు తిత్తి లాగినాడు.
అయిపాయ, మోహన వస్తుంది అనుకున్నా.
స్వరం రాలే.
పెట్టెలోని గాలి మాత్రం
నిద్రలో ముసలాయన ఊపిరి మాదిరి
వచ్చింది, పోయింది, మళ్ళా వచ్చింది.
నాదముని చేతి మీద పడిన నలుపుని
చూసుకుంటా ఉండినాడు.
ఎంతసేపో నేను లెక్కపెట్టలే.

తరవాత అడిగినా, ఎందుకట్లా చేస్తివని.
"రీడ్లల్లో బూడిద పడింది సామీ, నొక్కినా పలకలే."
నిజమో కాదో.

వచ్చే శనివారం యాదమరిలో ఆట.
అంతవరకూ ఆ పెట్టెని
బాగు చేయించొద్దని చెప్పినా.